టీడీఎస్ సరిగ్గానే ఉంది, అయినా చెర్రీ ష్రింప్ ఒక్కొక్కటే పోతున్నాయి. ఎవరైనా చెప్పండి

కొండాపూర్_నాచు:

నమస్తే అందరికీ. ఎర్ర చెర్రీ ష్రింప్ (ట్యాంకులో పెంచే చిన్న మంచినీటి రొయ్యలు) విషయంలో సాయం కావాలి. ట్యాంక్ రెండడుగులది, నీళ్లు 50 లీటర్ల దాకా పడతాయి. అడుగున నల్ల ఇసుక, జావా నాచు బాగా అల్లుకుంది, గప్పీ గడ్డి ఉంది, పైన సాల్వీనియా తేలుతోంది. ఫిల్టర్ వెనక తగిలించేది. సంక్రాంతి అయ్యాక ట్యాంక్ పెట్టి, నెలన్నర ఖాళీగా నడిపి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే ష్రింప్ తెచ్చాను. కాబట్టి సైక్లింగ్ (మంచి బాక్టీరియా పట్టేదాకా ట్యాంక్ ఖాళీగా నడపడం) చేశావా అని ఎవరూ అడగక్కర్లేదు :)

రెండు మూడు రోజులకు ఒకటి చొప్పున పోతున్నాయి. ముందురోజు రాత్రి దాకా నాచు మీద గీరుకుంటూ హాయిగా తిరిగింది పొద్దున్నే చూస్తే పక్కకు వాలి కాళ్లు ఆడిస్తూ ఉంటుంది, సాయంత్రానికి అయిపోతుంది. దగ్గరగా చూస్తే తలభాగం అయిపోయి ఒళ్లు మొదలయ్యే చోట చుట్టూ తెల్లటి గీత, దారం కట్టినట్టు. ఇంకోటి, ఆడవాటికి వీపు మీద పసుపు జీను (లోపల తయారవుతున్న గుడ్లు) కనిపిస్తుంది, గుడ్లు పొట్ట కిందకి దిగుతాయి, వారం పది రోజులకు చూస్తే గుడ్లు మాయం. ఇంతవరకు ఒక్క పిల్ల కూడా కంటపడలేదు.

మాది అపార్ట్‌మెంట్, బోరు నీళ్లు. ట్యాప్‌లో టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్నవన్నీ కలిపి వచ్చే అంకె) 780, ఆర్వోలో 40. షాపతను 200 నుంచి 250 మధ్య ఉంచుకో అన్నాడు, అందుకని పావు వంతు ట్యాప్ నీళ్లు, ముప్పావు ఆర్వో కలిపి 225 దగ్గర పెడుతున్నా. పీహెచ్ 7.4. నీటి వేడి పొద్దున 27, మధ్యాహ్నం 29 డిగ్రీలు. వారానికోసారి మూడో వంతు నీళ్లు మారుస్తా. నాలుగు గప్పీలు కూడా ఉన్నాయి, అవి ష్రింప్ జోలికి వెళ్లడం నేనైతే చూడలేదు.

వేపుడుకి కూడా పనికిరాని రొయ్యలకి ఇంత టెన్షన్ ఎందుకురా అని మా అమ్మ రోజూ ఒకటే పాట. ఎక్కడ తేడా కొడుతోందో చెప్పండి.

ఉప్పల్_ఫిష్‌వాలా:

బ్రో, పిల్లలు కనబడకపోవడానికి గప్పీలు చాలు, ఇంకో కారణం వెతకక్కర్లేదు. పెద్ద ష్రింప్‌ని అవి ఏమీ చేయలేవు నిజమే, కానీ పుట్టిన పిల్ల 2 మిల్లీమీటర్లు ఉంటుంది, గప్పీ నోటికి అది మేతే. నువ్వు చూస్తుండగా తినాలని రూలేం లేదుగా. పైగా ఆ వెనక తగిలించే ఫిల్టర్ గొట్టానికి స్పాంజ్ తొడిగావా? లేకపోతే గప్పీల నుంచి మిగిలినవి అందులోకి వెళ్తాయి. అసలు ష్రింప్‌కి ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టరే మేలు, కరెంటు బిల్లూ తక్కువ, ఆ స్పాంజ్ మీద పేరుకునేది కూడా వాటికి తిండే.

పెద్దవి పోవడం అంటావా, 29 డిగ్రీలు ఎక్కువ. 22 నుంచి 25 మధ్య ఉంచు. నీళ్లు అంతంత మార్చకు.

బెజవాడ_చిట్టి_ట్యాంక్:

గప్పీల సంగతి ఒప్పుకుంటా, కానీ పెద్దవి పోవడానికి వేడి ఒక్కటే కారణం అనిపించట్లేదు. మా దగ్గర మే నెలలో ట్యాంక్ 30 తాకుతుంది, గుడ్లు పెట్టడం మందగిస్తుందే తప్ప ఇలా వరసగా చావవు. 30 దాటి నీళ్లలో గాలి తక్కువైతే అది వేరే కథ.

ముందు చావు ఎలాంటిదో చూడాలండీ. రాత్రికి రాత్రే ట్యాంకంతా ఖాళీ అయితే విషమో, అమ్మోనియానో. విషం అంటే మన ఇళ్లలో మొదటి అనుమానం దోమల స్ప్రే మీద, తర్వాత రాగి ఉన్న చేపల మందుల మీద, ఆ తర్వాత నర్సరీ నుంచి తెచ్చి కడగకుండా పెట్టిన మొక్కల మీద. మీది అలా లేదు. ఒక్కొక్కటిగా, మెడ చుట్టూ తెల్ల గీతతో పోతున్నాయంటే అది కుబుసం దగ్గర వచ్చిన ఇబ్బంది. మామూలుగా పాత పెంకు వీపు వైపు, తలకీ ఒంటికీ మధ్య చీలుతుంది, ష్రింప్ ఒక్క విదిలింపుతో ఆ సందులోంచి బయటికి వచ్చేస్తుంది. చీలిక వీపు దగ్గర ఆగకుండా చుట్టూ తిరిగిపోతే పెంకు రెండు ముక్కలై ఒంటికి పట్టుకుని ఉండిపోతుంది, లోపలిది బయటపడలేదు. మీకు కనిపించే తెల్ల గీత అదే.

దీనికి పెద్ద కారణం కాల్షియం, మెగ్నీషియం చాలకపోవడం, అంటే జీహెచ్ తక్కువ. రెండోది, ఒకేసారి ఎక్కువ నీళ్లు మార్చడం వల్ల ఒళ్లు సిద్ధం కాకముందే కుబుసం విడవాల్సి రావడం. గుడ్లు మాయం అవడం కూడా ఇందులో భాగమే అనుకుంటా. గుడ్లున్న ఆడది మామూలుగా పిల్లలయ్యే దాకా కుబుసం విడవదు. ఈ కుదుపుకి మధ్యలోనే విడిచేస్తే గుడ్లు ఆ పెంకుతో పాటే పోతాయి. ఇసుక మీద పడి ఉన్న ఖాళీ పెంకుల్ని కాస్త పరీక్షగా చూడండి, కింద గుడ్లు అంటుకుని కనిపించొచ్చు.

మీరు చెప్పిన లెక్కలో నాకు అర్థం కానిది ఒకటే. 780 టీడీఎస్ బోరు నీళ్లలో జీహెచ్ 20 పైనే ఉండాలి, అందులో పావు వంతు కలిపినా 5, 6 రావాలి, అది చెర్రీలకి సరిపోతుంది. అలాంటప్పుడు కాల్షియం ఎందుకు తక్కువవుతుంది? అందుకే అడుగుతున్నా: మీ అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉందా? తెలియకపోతే వాచ్‌మన్‌ని అడగండి, కింద ప్లాంట్‌లో ఉప్పు బస్తాలు పోస్తున్నాడా అని. లేదా చేతులకి సబ్బు రాసి కడిగి చూడండి, ఎంత కడిగినా జారుడు వదలకపోతే అదే.

టీడీఎస్ మీటర్ నీళ్లలో ఎంత కరిగి ఉందో చెబుతుంది, ఏం కరిగి ఉందో చెప్పదు. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం లాక్కుని వాటి బదులు సోడియం వదులుతుంది, మీటర్‌లో మాత్రం అంకె దాదాపు అలాగే ఉంటుంది. జీహెచ్, కేహెచ్ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే కార్బొనేట్ల లెక్క) చూసే చుక్కల కిట్ ఒకటి కొనండి, ష్రింప్ పెంచేవాళ్లకి టీడీఎస్ మీటర్ కంటే ముందు కొనాల్సింది అదే. 5 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని ఒక్కో చుక్కా వేస్తూ రంగు మారేదాకా లెక్కపెట్టడమే, ఎన్ని చుక్కలు పడితే అన్ని డిగ్రీలు.

భీమవరం_గట్టు:

నేను చిన్న ట్యాంకుల మనిషిని కాదు, మాది వెన్నామీ చెరువు. మా బాబు పట్టుబట్టి ఈ ఎర్రవాటిని ఇంట్లో పెట్టించాడు, పొద్దస్తమానం చెరువు గట్టు మీద రొయ్యలతోనే సరిపోతుంటే ఇంటికొచ్చినా రొయ్యలే.

పై ఆయన చెప్పింది నిజం. మా దగ్గర కూడా ఉప్పదనం తక్కువ ఉన్న చెరువుల్లో మినరల్స్ కొట్టకపోతే పెంకు గట్టిపడదు, లూజ్ షెల్ అంటాం, పట్టుకుంటే మెత్తగా ఉంటుంది. కుబుసం విడిచిన రొయ్య కొత్త పెంకుకి కావాల్సిన కాల్షియంలో చాలా భాగం నీళ్లలోంచే లాగుతుంది, నీళ్లలో లేకపోతే ఎక్కడి నుంచి తెస్తుంది. మేతలో కలిపి పెట్టినా నీళ్లలో ఉండాల్సింది ఉండాల్సిందే. అమావాస్యకి, పున్నమికి ఎక్కువ రొయ్యలు కుబుసం విడుస్తాయని మా రైతులందరూ అంటారు, ఆ రోజుల్లో మేత తగ్గించి ఏరియేటర్లు ఎక్కువసేపు తిప్పుతారు. మీ గాజు పెట్టెలో అమావాస్య పనిచేస్తుందో లేదో గానీ, ఆ వేళకి గాలి కావాలన్నది మాత్రం ఎక్కడైనా ఒకటే.

విడిచిన పెంకుల్ని తీసి పారేయకండి. అవే కొరుక్కు తింటాయి. కొత్తవాళ్లు పెంకు చూసి చచ్చిపోయింది అనుకుంటారు. పెంకు గాజులా పారదర్శకంగా ఉంటుంది, చచ్చింది అయితే ఉడికినట్టు గులాబీ రంగుకి తిరిగి లోపల పాలలా కనిపిస్తుంది.

కొండాపూర్_నాచు:

వాచ్‌మన్‌ని అడిగా. "ఉప్పు పోయకపోతే ప్లాంట్ ఎట్ల నడుస్తది సార్" అన్నాడు! సాఫ్ట్‌నర్ ఉంది, మేం ఈ ఫ్లాట్‌లోకి రాకముందు నుంచీ ఉందట. కిట్ కూడా తెప్పించాను. ట్యాప్ నీళ్లలో జీహెచ్ 2 చుక్కలకే మారిపోయింది. ట్యాంక్ నీళ్లలో ఒక్క చుక్కకే ఆకుపచ్చ. కేహెచ్ మాత్రం ట్యాప్‌లో 19, ట్యాంకులో 5. అంటే ఇన్నాళ్లూ 225 అని మీటర్ చూపించింది చాలావరకు సోడియమేనా? ఇప్పుడేం చేయాలి, ఒకేసారి కాల్షియం వేసేయనా? మటన్ బొమిక వేస్తే సరిపోతుందని ఇంకో చోట ఎవరో అన్నారు.

బెజవాడ_చిట్టి_ట్యాంక్:

బొమిక వద్దు బాబూ, కుళ్లి అమ్మోనియా వస్తుంది. కట్టిల్‌బోన్ (కట్టిల్‌ఫిష్ లోపల ఉండే సుద్దలాంటి తెల్ల పెంకు) అయితే ఫరవాలేదు కానీ మీ పీహెచ్ 7.4లో అది కరిగేది చాలా కొద్దిగా. కేహెచ్ 5 బాగానే ఉంది, దాన్ని కదపక్కర్లేదు. కావాల్సింది జీహెచ్ ఒక్కటే. అదీ ఒకేసారి కాదు. ఇప్పుడున్న ష్రింప్ ఒకటో డిగ్రీకి అలవాటు పడి ఉన్నాయి, రాత్రికి రాత్రి ఆరుకి తీసుకెళ్తే మిగిలినవి కూడా కుబుసంలోనే పోతాయి. వారానికి ఒక డిగ్రీకి మించకుండా పెంచండి.

రెండు దారులున్నాయి. సులువైనది: చాలా అపార్ట్‌మెంట్లలో మొక్కలకి నీళ్లు పట్టే ట్యాప్ సాఫ్ట్‌నర్‌కి ముందు లైన్ నుంచే ఉంటుంది, ఉప్పు నీళ్లు పోస్తే మొక్కలు పాడవుతాయి కదా. ఆ ట్యాప్ నీళ్లకి కూడా చుక్కల పరీక్ష చేయండి, జీహెచ్ ఇరవైల్లో వస్తే అదే అసలు బోరు నీరు. అప్పుడు మీరు ఇప్పుడు కలుపుతున్న పావు, ముప్పావు లెక్కనే ఉంచుకోవచ్చు, మారేది ట్యాప్ ఒక్కటే. టీడీఎస్ మళ్లీ అదే 220ల్లో వస్తుంది, మీటర్‌కి తేడా కూడా తెలియదు.

రెండోది: బయట ష్రింప్ కోసం అమ్మే మినరల్ పౌడర్ ఆర్వో నీళ్లలో కలపడం. జీహెచ్ ఒక్కటే పెంచేవి ఉంటాయి, జీహెచ్, కేహెచ్ రెండూ పెంచేవి ఉంటాయి, ఆర్వోలో కేహెచ్ పెద్దగా ఉండదు కాబట్టి చెర్రీలకి రెండూ పెంచేది తీసుకోండి. ఖర్చు ఎక్కువ అనుకుంటే సొంతంగా కూడా చేసుకోవచ్చు: 10 లీటర్ల ఆర్వోకి 0.3 గ్రాముల జిప్సం (కాల్షియం ఇచ్చేది) వేస్తే ఒక డిగ్రీ పెరుగుతుంది, ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం ఇచ్చేది) అయితే 0.44 గ్రాములు. మూడు వంతులు కాల్షియం వైపు నుంచి, ఒక వంతు మెగ్నీషియం వైపు నుంచి వచ్చేలా చూసుకోండి. కేహెచ్ మాత్రం వీటితో రాదు, కొద్దిగా వంటసోడా వేయాలి. జిప్సం తొందరగా కరగదు, ముందురోజు బకెట్‌లో వేసి ఎయిర్ స్టోన్ పెట్టి వదిలేయండి. పొలాలకి వేసే జిప్సం బస్తా వద్దు, శుద్ధమైనదే కొనండి, గ్రాములు తూచే చిన్న తక్కెడ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. నన్నడిగితే మొక్కల ట్యాప్ ఉంటే అదే నయం.

ఏది చేసినా వారానికి పదో వంతు నీళ్లే మార్చండి, బకెట్‌తో గుమ్మరించకుండా సన్న గొట్టంతో చుక్కచుక్కగా పోయండి. ఆవిరై తగ్గిన నీళ్లని మాత్రం ఉత్త ఆర్వోతోనే నింపాలి. ఆవిరయ్యేది నీరే, ఖనిజాలు ట్యాంకులోనే మిగులుతాయి, మళ్లీ కలిపిన నీళ్లు పోస్తే నెల తిరిగేసరికి జీహెచ్ ఎక్కడికో వెళ్తుంది.

వేసవికి ట్యాంక్ మీద చిన్న ఫ్యాన్ తిప్పితే 2 నుంచి 4 డిగ్రీలు తగ్గుతుంది. మీ హైదరాబాద్ పొడి గాలికి బాగా పనిచేస్తుంది, మా బెజవాడ ఉక్కపోతలో అంత ఫలితం ఉండదు. ఐస్ బాటిళ్లు వేయొద్దు, గంటలో దిగి గంటలో ఎక్కుతుంది, ఆ ఊగిసలాట కంటే నిలకడగా 29 ఉండటమే మేలు.

ప్లేనో_మొక్కల_ట్యాంక్:

బోరు కాకుండా కార్పొరేషన్ నీళ్లు వాడేవాళ్లు కూడా చదువుతుంటారు కాబట్టి ఒక మాట. నీళ్లు బకెట్‌లో ఒక రోజు ఉంచితే క్లోరిన్ పోతుంది అని మనందరికీ తెలుసు, క్లోరమైన్ అలా పోదు. అమెరికాలో చాలా ఊళ్లలో క్లోరమైనే వేస్తారు. మా ప్లేనో, ఫ్రిస్కో వైపు ఏడాదంతా క్లోరమైన్, మార్చిలో కొన్ని వారాలు మాత్రం పైపుల శుభ్రం కోసం ఉత్త క్లోరిన్‌కి మారతారు, ఆ నెలలో ట్యాప్ దగ్గరే ఘాటు తెలుస్తుంది. డీక్లోరినేటర్ మీద క్లోరమైన్‌కి కూడా పనిచేస్తుందని రాసి ఉందో లేదో చూసి కొనండి. ఇక్కడికి కొత్తగా వచ్చిన మన పిల్లలు ఇండియాలో అలవాటు ప్రకారం బకెట్‌లో నిలవ ఉంచి పోసేస్తుంటారు.

తిండి గురించి ఎవరూ అడగలేదు గానీ, ఎండిన బాదం ఆకు దొరికితే ఒకటి వేసి చూడండి. ఇండియాలో వీధి చివర రాలి పడి ఉంటాయి, ఇక్కడ అదే ఆకు ప్యాకెట్‌లో డాలర్లు పోసి కొంటున్నాం. చెట్టు మీది పచ్చాకు కాదు, తనంతట తాను రాలి గోధుమరంగుకి ఎండినది. మందు కొట్టని చోట ఏరి, కడిగి, ఒకసారి వేడినీళ్లలో ముంచి వేయాలి. వారం తిరిగేసరికి దాని మీద సన్నటి జిగురు పొర పడుతుంది, పిల్లలకి మొదటి తిండి అదే. కొన్నాళ్లకి ఆకు ఈనెలు మాత్రమే మిగిలి జల్లెడలా కనిపిస్తుంది. నీళ్లు కొంచెం టీ రంగుకి తిరుగుతాయి, కంగారు పడొద్దు. ఉడికించిన పాలకూర, మునగాకు కూడా తింటాయి, పురుగు మందు కొట్టనిది అయితేనే.

భీమవరం_గట్టు:

మేత ఎక్కువైతే చెరువుకైనా పెట్టెకైనా ఒకటే గతి. రెండు గంటల్లో తినేంత వేసి, మిగిలింది తీసేయాలి. మా బాబు రోజుకి మూడుసార్లు వేసి గాజు నిండా తెల్ల పురుగులు తెప్పించాడు, తల బాణం మొనలా ఉండి గాజు మీద జారుతూ పోతుంటాయి, ప్లనేరియా అంట. అవి కుబుసం విడిచి మెత్తగా ఉన్న ష్రింప్‌ని, పిల్లల్ని పట్టుకుంటాయి. ఫెన్‌బెండజోల్ వేస్తే పోయాయి, పశువులకి నట్టల కోసం వాడేదే, ష్రింప్‌కి ఏమీ కాలేదు. అయితే ట్యాంకులో నెరైట్ నత్తలుంటే అది వాడకండి, అవి చచ్చిపోతాయి.

కొండాపూర్_నాచు:

వానలు మొదలయ్యాక మళ్లీ రాస్తున్నా. మొక్కల ట్యాప్ జీహెచ్ 24 వచ్చింది, బెజవాడ గారు చెప్పినట్టే. వారానికి పదో వంతు చొప్పున మారుస్తూ వచ్చా, ఇప్పుడు ట్యాంకులో 5, ఇలాగే మారుస్తూ పోతే మెల్లగా 6 దగ్గరికి చేరి ఆగుతుంది. 3 దాటినప్పటి నుంచి తెల్ల గీత మళ్లీ కనిపించలేదు. గప్పీల్ని మేనమామ గారింటికి పంపించేశా, ఫిల్టర్ గొట్టానికి స్పాంజ్ తొడిగా. నిన్న రాత్రి టార్చ్ వేసి చూస్తే బాదం ఆకు అంచున పిల్లలు! రంగు ఇంకా రాలేదు, మీసాలు మాత్రం ఒంటికంటే పొడుగు. తల్లికి ఇంకా కొన్ని గుడ్లు మిగిలి ఉన్నాయి, పొట్ట కింద కాళ్లతో ఆగకుండా విసురుకుంటూనే ఉంది, లోపల నల్లటి చుక్కలు రెండేసి కనిపిస్తున్నాయి, కళ్లే కదా అవి?

ఇప్పుడు ఇంకో ప్రశ్న. బ్లూ డ్రీమ్ (నీలం రంగు ష్రింప్) కొన్ని తెచ్చి ఇందులోనే వేద్దామనుకుంటున్నా. కలిసి ఉంటాయా?

బెజవాడ_చిట్టి_ట్యాంక్:

కళ్లేనండీ, ఇంకో రెండు మూడు రోజుల్లో అవీ దిగిపోతాయి.

నీలివి కలిసి ఉంటాయి, అదే ఇబ్బంది. ఎరుపు, నీలం, పసుపు అన్నీ ఒకే జాతి, నియోకారిడినా డేవిడి. అడవి రంగు మట్టి గోధుమ, మనుషులు ఏరి ఏరి ఈ రంగులు తెచ్చారు. కలిపితే ఒకటి రెండు తరాలకే మళ్లీ మట్టి రంగు పిల్లలు మొదలవుతాయి, ఆ తర్వాత వెనక్కి తిప్పడం చాలా కష్టం.

ఉప్పల్_ఫిష్‌వాలా:

మట్టి రంగువి కూడా బాగానే ఉంటాయి బ్రో, అంత భయపెట్టకండి. నా దగ్గర కలగాపులగం ట్యాంక్ ఒకటి ఉంది, ఒక్కోటి ఒక్కో మచ్చతో, నాకు అదే ఇష్టం. అమ్ముకునేవాళ్లకి మాత్రం పనికిరాదు, షాపులో ఎవరూ తీసుకోరు. ఎక్కువైపోయాయని తీసుకెళ్లి ఏ చెరువులోనో పారబోయకండి అంతే. జపాన్, జర్మనీ, హవాయిల్లో ఇవి బయట నీళ్లలో స్థిరపడిపోయాయి, మన చెరువుల్లో కూడా ఆ పని మనం చేయొద్దు.

బెజవాడ_చిట్టి_ట్యాంక్:

అది ఎవరిష్టం వాళ్లది, కాదనను. కొండాపూర్ గారూ, నీలివి కావాలంటే వేరే 20 లీటర్ల డబ్బా, ఒక స్పాంజ్ ఫిల్టర్, ఈ ట్యాంకులోంచి గుప్పెడు నాచు, అంతే ఖర్చు. ఇప్పుడున్న ట్యాంక్ స్పాంజ్‌ని ఆ డబ్బా నీళ్లలో పిండేయండి, బాక్టీరియా తొందరగా పడుతుంది. తెచ్చిన రోజు కవర్ కోసి గుమ్మరించకుండా, సన్న గొట్టానికి ముడి వేసి సెకనుకి రెండు చుక్కల చొప్పున రెండు గంటలు పోయండి. షాపు నీళ్ల జీహెచ్ ఎంతో ముందే ఒకసారి చుక్కలు వేసి చూసుకోండి, మీ దగ్గర కిట్ ఉందిగా.